మా మామ చేతి భర్మార్

మా మామ పోయిన పొద్దున చూడవచ్చిన వాళ్ళలో చాలామంది ముందు ఆయన ముఖం చూసి, ఆ వెంటనే తలెత్తి గోడకేసి చూశారు. గోడకు రెండు మేకుల మీద భర్మార్ తుపాకి అడ్డంగా ఆనించి ఉంది. పక్క ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మా ఆయన భుజం మీద చెయ్యి వేసి రెండు ఓదార్పు మాటలు చెప్పి, గొంతు తగ్గించి, ఇక తుపాకిని ఏం చేస్తారని అడిగాడు.

నిద్రలోనే పోయాడు మామ. ముందురోజు జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. నొప్పి పడలేదు, మంచాన పడలేదు, ఎవరితోనూ చేయించుకోలేదు. ఎంత పుణ్యం చేసుకున్నాడో అని ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని మరీ అన్నారు. నేను తల ఊపాను. ఆ మాటకు తల ఊపడం తప్ప ఆ ఇంటి కోడలు చేయగలిగింది ఏమీ లేదు.

ఆయన గురించి చెప్పాలంటే తుపాకి గురించి చెప్పాలి. పాతకాలపు తుపాకి అది. గొట్టం మూతిలోంచే మందు పోసి, గుడ్డపేలిక కూరి, సీసపు గుండ్లు వేసి, గజం అనే ఇనుపకడ్డీతో దట్టిస్తారు. వెనక ఒక చిన్న మొలక ఉంటుంది. దాని మీద రాగి టోపీ తొడుగుతారు. మీట నొక్కితే గుర్రం అనే సుత్తి వచ్చి ఆ టోపీ మీద పడుతుంది. టోపీ చిట్లి, నిప్పు లోపలికి పోయి మందు అంటుకుంటుంది. మా వైపు దాన్ని భర్మార్ అంటారు. పంటకాపు కోసమని మామకు లైసెన్సు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో అలాంటి లైసెన్సు ఇంకెవరికీ లేదు.

మాది హాలియా దగ్గర. సాగర్ కాలువ కింద వరి పండించే ఊరు. మాకు పంట శత్రువులంటే ఎలుకలు, దోమపోటు. తెలంగాణ వచ్చిన ఏడు నా పెళ్ళయి దేవరకొండకు పడమట, నల్లమల గుట్టలు కనిపించే ఈ మెట్ట ఊరికి వచ్చాను. ఇక్కడ నీళ్ళు ఎంత తక్కువో అడవి పందులు అంత ఎక్కువ.

పెళ్ళైన కొత్తలో ఒక పొద్దున అరుగు మీద మంచంలో కూర్చున్న మామకు టీ ఇద్దామని వంగాను. ఆయన తొడల మీద అడ్డంగా తుపాకి ఉంది. నా చెవి పక్కన ఫట్ మని ఏదో పేలింది. గ్లాసు జారి వేడి టీ నా పాదాల మీద పడింది. తల ఎత్తేసరికి మామ నవ్వుతున్నాడు. ఆయన నవ్వుకు చప్పుడు ఉండదు, భుజాలు మాత్రం కదులుతాయి. మందు పోయని తుపాకికి టోపీ ఒక్కటి తొడిగి పేల్చాడు. "కాలువ నీళ్ళు తాగినోళ్ళు గింతే" అన్నాడు, ఎవరితోనో పందెం గెలిచినట్టు.

అత్త వచ్చి నేల తుడిచింది. నా వైపు చూడలేదు. తర్వాత కొన్నాళ్ళకు తెలిసింది, ఎడమవైపు నుంచి పిలిస్తే అత్త పలకదని. ఆ చెవి వినపడదు. ఎందుకు వినపడదో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నేను అడగాల్సిన పని కూడా లేకపోయింది.

ఇంటికి ఎవరొచ్చినా ఆ పరీక్ష తప్పేది కాదు. అల్లుళ్ళకు, కరెంటు లైన్‌మన్‌కు, పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చిన చుట్టాలకు. ఒకసారి రాఖీ కట్టడానికి వచ్చిన ఆయన సొంత చెల్లెలు పళ్ళెం పడేసుకుని ఏడ్చింది. పరీక్షలో నెగ్గింది మా ఆయన ఒక్కడే. పెళ్ళైన కొత్తలో నాకు ఈ సంగతి ఎంతో గొప్పగా చెప్పాడు. చిన్నప్పటి నుంచీ తను ఉలికిపడలేదట, కన్నార్పలేదట. కొడుకు గురించి మామ నలుగురిలో మెచ్చుకున్నది కూడా అదొక్కటే. అయినా ఆ కొడుకును తుపాకి ముట్టనిచ్చేవాడు కాదు. మందు సంచి మొయ్యనిచ్చేవాడు, గుండ్లు పోయడానికి సీసం కరిగించమనేవాడు, చచ్చిన పందిని గుంజుకు రమ్మనేవాడు. తుపాకిని మాత్రం గోడ మీది నుంచి దించనిచ్చేవాడు కాదు. మా ఆయన అప్పటికే ముప్పై దాటిన మనిషి. తండ్రి తుపాకి తుడుస్తుంటే ఎదురుగా గొంతుకూర్చుని ఆ చేతులనే చూస్తుండేవాడు.

మామ మందును అరచేతిలో పోసుకుని ముందు వాసన చూసేవాడు. తర్వాత నాలుక కొన అంటించి, ఉమ్మి, అప్పుడు గొట్టంలో పోసేవాడు. అరచేతి గీతల్లో నలుపు ఎప్పుడూ ఉండేది. పేల్చాక చేనంతా కుళ్ళిన గుడ్డు వాసన కమ్ముకుంటే కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చేవాడు. ఇంటి దగ్గర అత్త, పేలిన చప్పుడు వినపడగానే పొయ్యి మీద నీళ్ళు పెట్టాలి. గొట్టం కడగడానికి మసిలే నీళ్ళు కావాలి. ఆయన గడప దాటేసరికి అవి మసలకపోతే, గిన్నె ఎత్తి వాకిట్లో పారబోసి మళ్ళీ పెట్టమనేవాడు. తిట్టేవాడు కాదు. అత్త మళ్ళీ నీళ్ళు తోడేది.

గాయపడిన పందిని రెండో దెబ్బతో చంపడం ఆయనకు ఇష్టం ఉండదు. మందు దండగ అనేవాడు. దాని దగ్గర గొంతుకూర్చుని చుట్ట ముట్టించి చూస్తుండేవాడు. ఒకసారి మా చేను గట్టు మీద నేను అక్కడే ఉన్నాను. పంది వెనక కాళ్ళు పడిపోయి ముందు కాళ్ళతో మట్టిలో ఈదుతోంది. మామ చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించుకున్నాడు. కొట్టి చంపరాదా అని మా ఆయనతో అన్నాను, మామకు వినపడేలాగానే. మామ నా వైపు తిరిగి "తొందరెందుకు" అన్నాడు.

ఆ మాట ఆయనకు ఊతపదం. పంటలు చేతికొచ్చే రోజుల్లో మా అరుగు ముందు రైతులు కూర్చునేవాళ్ళు, తమ చేలోకి వచ్చి కాపు కాయమని. ఆయన వాళ్ళను కూర్చోబెట్టి గజం తుడుస్తుండేవాడు. కండె పట్టిన మక్కజొన్న చేను ఉన్న ఒక రైతు, ఎప్పుడో బస్టాండు దగ్గర మామను చూసి పలకరించకుండా పోయాడట. ఆ మనిషి రోజూ వచ్చి కూర్చునేవాడు. మామ రేపు వస్తానని, ఎల్లుండి వస్తానని తిప్పాడు. చివరికి బయలుదేరి వెళ్ళేసరికి చేను మొత్తం దున్నేసినట్టు ఉంది. ఆ రైతు గట్టు మీద కూలబడిపోయాడు. మామ చేనంతా కలియజూసి, "పందులు సుత బతకాలె గద" అని ఇంటికి వచ్చేశాడు. ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు.

నా బిడ్డ పుట్టి, తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో ఒకనాడు పిల్లను మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మనవరాలిని ముద్దు చేస్తున్నాడనుకుని నేను చాటలో బియ్యం ఏరుకుంటున్నాను. తల ఎత్తేసరికి తుపాకిని భుజానికి ఆనించే మడమ వైపు పిల్ల చెవి పక్కకు తెచ్చాడు. టోపీ తొడిగి ఉంది. గుర్రం వెనక్కి లాగి ఉంది. అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది, తన మంచి చెవి మీద చెయ్యి పెట్టుకుని.

నేను అరిచి ఉంటే నొక్కేసేవాడు. లేచి వెళ్ళి టోపీకీ గుర్రానికీ మధ్య నా బొటనవేలు పెట్టాను. ఆయన నా ముఖం చూశాడు. చూస్తూనే నొక్కాడు. గోరు నిలువునా చీలింది. టోపీ పేలలేదు. పిల్ల ఏమీ తెలియక తుపాకి పట్టీతో ఆడుకుంటూనే ఉంది.

మామ గుర్రం పైకి లేపి నా వేలు విడిపించాడు. "శభాష్" అన్నాడు.

ఆ తర్వాత పిల్ల జోలికి రాలేదు. అప్పటినుంచి వచ్చిన ప్రతివాడికీ నన్ను పిలిచి చూపించేవాడు. "మా కోడలు. గుర్రం కింద ఏలు పెట్టింది. సూపెట్టు పిల్లా." నేను గోరు చూపించాలి. చూపించనంటే, ఆయన నా మణికట్టు పట్టుకుని ఎత్తి చూపించేవాడు. నొప్పి తగ్గింది కానీ ఆ మెచ్చుకోలు తగ్గలేదు. మా ఆయన ఆ సమయంలో లేచి బయటికి పోయేవాడు. తండ్రి మెప్పు ఎవరికి దక్కినా ఆయనకు తన వాటాలోంచి తీసిచ్చినట్టే ఉండేది.

తర్వాత మందు కరువు వచ్చింది. పట్నంలో లైసెన్సు మీద మందు అమ్మే పాత దుకాణం మూతబడింది. ఇంకొక చోట అడిగితే ఇప్పుడు ఆ సరుకు ఎవరూ అడగడం లేదని తెప్పించడం మానేశామన్నారు. మామ ఉన్నదాన్ని పొదుపుగా వాడుకుంటూ వచ్చాడు. డబ్బా అడుగు కనిపించేసరికి ఆయన కోపం అన్నం మీద, పశువుల మీద, అత్త మీద పడింది.

సరిగ్గా ఆ వానాకాలం పందులు విరగబడ్డాయి. సర్కారు అనుమతితో పందులను కాల్చే షూటర్‌ను మా సర్పంచి పట్నం నుంచి పిలిపించాడు. పొట్టిగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఆయన జీపులోంచి తీసిన తుపాకుల్లో ఒకటి చూసి మామ ముందుకు జరిగాడు. అదీ మూతిలోంచి నింపేదే, కానీ కొత్త తరానిది. విదేశం నుంచి తెప్పించుకున్నాడట. నల్లటి మడమ, పైన దుర్భిణి, టోపీ బయటికి కనిపించకుండా లోపల సరిగ్గా గొట్టం వెనకే కూర్చుంటుంది. అందులో పోసే మందు కూడా కొత్తదే, పాత మందుకు బదులుగా చేసినది. బూడిద రంగు పలుకులు. పొగ తక్కువ, మసి తక్కువ. ఆ సాయంత్రం షూటర్ మక్కజొన్న చేను అంచున ఒక పందిని పడగొట్టి, గొట్టం తుడవకుండానే మళ్ళీ నింపి ఇంకొకదాన్ని పడగొట్టాడు. రెండో పంది పడగానే ఊరి కుర్రాళ్ళు కేకలు వేశారు. ఎవరో మామ పక్కకు తిరిగి, ఇక మీ భర్మార్‌కు పింఛను ఇప్పియ్యాలె అన్నారు. అందరూ నవ్వారు. మా అరుగు ముందు కూర్చుని కాచుకున్న రైతులు ఇంకా గట్టిగా నవ్వారు. ఆ మక్కజొన్న రైతు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ షూటరే జాలిపడో మర్యాదకో, తన దగ్గర మిగిలిన మందు డబ్బాను మామ చేతిలో పెట్టాడు. పాత తుపాకుల్లో ఇది అంటుకోవడం ఒక్కోసారి ఆలస్యమవుతుందనీ, గట్టి టోపీలు వాడాలనీ, పేలకపోతే వెంటనే దించవద్దనీ చెప్పాడు. మామ చూపు ఆయన తుపాకి మీదే ఉంది. ఒక్క మాటా విన్నట్టు లేదు.

ఇంటికి వచ్చాక కొత్త మందును అరచేతిలో పోసుకున్నాడు. వాసన చూశాడు. నాలుక అంటించి ఉమ్మాడు. పాత వాసన లేదని ముఖం చిట్లించాడు. నేను డిగ్రీ రెండో ఏడు దాకా చదివాను. డబ్బా తీసుకుని దాని మీది ఇంగ్లీషు చదివాను. షూటర్ చెప్పిందే అక్కడా ఉంది.

"గుర్రం పడినంక పేలకుంటే తుపాకి అట్లనే పట్టుకొని ఆగాల్నట మామా. మూతి మనుషుల దిక్కు తిప్పొద్దంట. లేటుగ పేలొచ్చంట."

ఆయన నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. "నువ్వు పుట్టకముందు సంది పేలుస్తున్న. డబ్బా సదివి నాకు చెప్తవా" అన్నాడు. మా ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన కూడా విన్నాడు. విని, ఇంట్లోకి పొమ్మన్నట్టు నాకు కళ్ళతో సైగ చేశాడు.

మా పల్లిచేను పీకడానికి వచ్చింది. రోజూ తెల్లారగట్ల పందులు దిగి మొదళ్ళు తవ్వేస్తున్నాయి. ఆ పొద్దున సూర్యుడు ఇంకా రాలేదు కానీ మనుషులు కనిపించే వెలుతురు వచ్చింది. నేనూ అత్తా ఒకవైపు గట్టు మీద నిలబడి రేకుడబ్బా కొడుతున్నాం, పందులు అవతలికి మళ్ళేలా. అవతలి గట్టు దగ్గర తంగేడు పొద వెనక మామ, ఆయన వెనక మా ఆయన. తుపాకిలో కొత్త మందు పోయడం అదే మొదటిసారి. పందులు కదిలాయి. ముందు ఒక పెద్ద ఆడపంది, వెనక గీతల గీతల పిల్లలు. మామ గురిపెట్టాడు. టోపీ చిట్లిన చప్పుడు మా దాకా వినపడింది. తుపాకి పేలలేదు.

ఆడపంది మూతి ఎత్తి ఆగింది. మామ దాని మీది నుంచి చూపు తిప్పకుండా, తుపాకి దించి, మూతి వెనక్కి వచ్చేలా దాన్ని పట్టుకున్న చెయ్యి వెనక్కి చాపాడు. ఇంకొక టోపీ కోసం రెండో చెయ్యి జేబులో పెట్టాడు. "పట్టు" అన్నాడని తర్వాత మా ఆయన చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి ఆ తుపాకి ఆయనకు ఇవ్వడం అదే మొదటిసారి. మా ఆయన గబుక్కున ముందుకు వచ్చి కుడిచేత్తో గొట్టం మూతి దగ్గర పట్టుకున్నాడు. నవ్వాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అంత దూరం నుంచి నవ్వు కనిపించి ఉండదు.

అప్పుడు పేలింది.

పాత మందైతే పొగ కమ్మి కాసేపు ఏమీ కనిపించేది కాదు. ఈ మందుకు పొగ తక్కువ. అంతా కనిపించింది.

నేను చేలోకి దిగి పరిగెత్తాను. పల్లి తీగలు కాళ్ళకు చుట్టుకుని ఒకసారి పడ్డాను. నేను చేరేసరికి మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తన చేతినే చూసుకుంటున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు. ఏడవడం లేదు. మామ కింద పడిన తుపాకి తీసుకుని, మడమకు అంటిన మట్టి దులిపి, టోపీ మొలకను వేలితో తడిమి చూశాడు. "పేలింది. మందు మంచిదే" అన్నాడు. కొడుకుతో అనలేదు, నాతో అనలేదు. తనలో తనే అనుకున్నాడు. ఆ తర్వాతే తలపాగా విప్పి కొడుకు చేతికి చుట్టాడు.

దేవరకొండ దవాఖానలో కట్టు కట్టి నల్గొండకు పంపారు. అక్కడ మణికట్టు పైదాకా తీసేశారు. తీయకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు నాకు నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాడు. మర్నాడు మా ఆయనకు పూర్తిగా తెలివి వచ్చేసరికి మామ మంచం చివర కూర్చుని ఉన్నాడు. నేను సెలైన్ సీసా వైపు నిలబడి ఉన్నాను.

"పోలీసులు వస్తరు. నువ్వే తుపాకికి అడ్డమొచ్చినవని చెప్పు. లేకుంటే లైసెన్సు పోతది" అన్నాడు మామ.

మా ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నువ్వే ఇచ్చినవు గద బాపూ" అన్నాడు.

"ఇచ్చిన. ఇయ్యలేదని చెప్పు."

నిజమే చెప్పమని నేను మా ఆయనతో అన్నాను. మామ ముందే అన్నాను. మా ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. పోలీసులు వచ్చినప్పుడు తనే చూసుకోకుండా తుపాకి ముందుకు పోయానని చెప్పాడు. తండ్రి తన చేతికి తుపాకి ఇవ్వలేదని కూడా చెప్పాడు. వాళ్ళు నన్నూ అడిగారు. దూరం నుంచి నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఆడమనిషి, అంత దూరంలో ఉంది, చెయ్యి పోయినవాడే ఇలా అంటున్నాడు కదా అనుకున్నారు. విచారణ అయ్యాక తుపాకి ఇంటికి వచ్చింది. మా ఆయన కంటే అదే ముందు కోలుకుంది.

మామ మళ్ళీ కాపు కాయడం మొదలుపెట్టాడు. మొదటిరోజు పేల్చి ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద నీళ్ళు లేవు. అత్త అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మామ కొంచెంసేపు నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు. ఆయనే కట్టెలు తెచ్చి పొయ్యి ముట్టించి నీళ్ళు పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి పోయేదాకా ఆ నీళ్ళు ఆయనే కాచుకున్నాడు. ఆ ఇంట్లో ఆయనకు పడిన శిక్ష అదొక్కటే.

కొత్త మందును ఆయన బాగా నేర్చుకున్నాడు. గుర్రం పడ్డాక పేలకపోతే భుజం మీది నుంచి దించేవాడు కాదు. అలాగే గురి పట్టుకుని నిలబడేవాడు. రైతులు మళ్ళీ మా అరుగు ముందు కూర్చుంటే వాళ్ళకు పాఠం చెప్పేవాడు. "గీ మందుకు ఓపిక గావాలె. గుర్రం పడ్డది, పేలలేదు అనుకో. దించొద్దు. తొందరపడ్డోనికి చెయ్యి ఉండది." డబ్బా మీద నేను చదివిన మాటలే అవి, తను కనిపెట్టినట్టు చెప్పేవాడు. మా ఆయన అక్కడే గడ్డివాముకు ఆనుకుని ఎడమచేత్తో కొడవలి పట్టడం నేర్చుకుంటూ ఉండేవాడు. ఒకసారి తండ్రికి మందు సంచి అందివ్వబోతే, మామ తనే వంగి తీసుకున్నాడు. చెయ్యి లేనివాడికి ఈ పనులెందుకు అన్నాడు. ఆ తర్వాత సీసం కరిగించడానికి కూడా పిలవలేదు.

డబ్బా అయిపోయింది. అలాంటిది మళ్ళీ దొరకలేదు. పందుల కోసం బయటి షూటర్లే రావడం మొదలుపెట్టారు. మామ కళ్ళకు పొర వచ్చింది. ఎన్నికలొచ్చి లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పజెప్పమన్నప్పుడల్లా, అది తిరిగి వచ్చేదాకా సరిగ్గా తినేవాడు కాదు. గోడ మీది ఖాళీ మేకుల కింద మంచం వేసుకునేవాడు.

పోయేముందు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నేను ఆయనకు మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు చేతిలోనే ఉంచుకుని, "ఆ దినం యాదికొస్తున్నది పిల్లా" అన్నాడు. ఏ దినమో నేను అడగలేదు. నిలబడిపోయాను. ఇన్నేళ్ళకు ఒక్క మాట అంటాడేమో, అంటే పరిగెత్తుకెళ్ళి మా ఆయనకు చెప్పాలని కూడా అనుకున్నాను.

"మస్తు పెద్ద పంది. జర ఆగి ఉంటే పడుతుండె" అన్నాడు.

నేను గ్లాసు తీసుకుని లోపలికి వచ్చాను.

శవాన్ని ఎత్తేటప్పుడు డప్పులు, పటాకులు. ఎవరో తుపాకిని పాడె మీద పెడదామన్నారు. మా ఆయన వద్దన్నాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం చాలాకాలానికి విన్నాను. అత్త ఏడవలేదు. దినాలయ్యాక మామ మంచాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమంది.

ఆ తర్వాత తుపాకి ఠాణాలో అప్పజెప్పాల్సి వచ్చింది. మా ఆయనే స్టూలు ఎక్కి ఎడమచేత్తో దాన్ని దించాడు. నన్ను పట్టుకోనివ్వలేదు. పాత దుప్పటిలో చుట్టి, ఆటోలో తన ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఈ పీడ ఇవాళ్టితో వదిలిపోతుందని నేను దారి పొడుగునా అనుకున్నాను.

ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. వారసుడికి లైసెన్సు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చని, వద్దంటే ఇక్కడ అప్పజెప్పి వెళ్ళవచ్చని చెప్పాడు.

"పెట్టుకుంట సార్" అన్నాడు మా ఆయన.

మడిచి పిన్ను పెట్టి ఉన్న మా ఆయన చొక్కా కుడిచేతి వైపు ఎస్సై చూశాడు. ఒక్క చేత్తో మందు ఎట్లా నింపుతావని అడిగాడు. ఆ అడగడంలో వెటకారం లేదు.

"మా ఆమె నింపుతది. నేను పేలుస్త."

నా వైపు తిరగకుండానే అన్నాడు. నన్ను అడగలేదు, అడగాలని కూడా తోచలేదు. ఎస్సై నా వైపు చూశాడు. బల్ల మీద దుప్పటిలోంచి గుర్రం బయటికి కనిపిస్తోంది.

"నేను నింపను సార్" అన్నాను. "ఇంట్ల బిడ్డ ఉన్నది."

మా ఆయన అప్పుడు తిరిగి చూశాడు. కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది ఆ చూపులో. ఎస్సై, ఇంట్లో మాట్లాడుకుని రండి, అందాకా తుపాకి ఇక్కడే ఉంటుందన్నాడు. ఒక కానిస్టేబులు దాన్ని దుప్పటితో సహా ఎత్తుకుని లోపలి గదిలోకి తీసుకుపోయాడు. తలుపు మూసుకునేదాకా మా ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు.

బయటికి వచ్చాక వేపచెట్టు నీడలో ఆగాడు.

"బాపు ఇయ్యలే" అన్నాడు. "నువ్వు తీసుకోనియ్యలే."

నేను ఏదో చెప్పబోయాను. ఆయన అప్పటికే బస్టాండు వైపు నడుస్తున్నాడు. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆయన ముందుకు పోయి డ్రైవరు వెనక, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఒక ముసలాయన లేచి జాగా ఇవ్వబోతే వద్దని తల ఊపాడు. గుట్టల మలుపుల్లో బస్సు విసిరినప్పుడల్లా ఆయన ఒళ్ళంతా ఆ ఒక్క చేతి మీద వేలాడుతోంది. మా ఊరు వచ్చింది. ముందు తలుపులోంచి ఆయన దిగాడు. నేను వెనక నుంచి దిగేదాకా బస్సు ఆగింది, ఆయన ఆగలేదు.